జెర్సీ సిటీలో బువా

మొన్న హెర్న్‌డన్‌లో మా అమ్మాయి రూతు ఇంటికి వెళ్ళినప్పుడు, పొద్దున మేడ దిగుతుంటే బియ్యం వేగుతున్న వాసన వచ్చింది. నూనె చుక్క లేకుండా, వట్టి మూకుట్లో, సన్నని సెగమీద వేయించే బియ్యం. మొదట పేలాల వాసనలా ఉంటుంది, తర్వాత కాస్త మాడినట్టు, ఆ తర్వాత ఎక్కడో దూరంగా కోతలైన పొలంలో గడ్డి కాలుతున్నట్టు. ఆ బియ్యాన్ని బరకగా దంచి, కొట్టిన మాంసంలో నిమ్మరసం, మిరపపొడి కలిపి, పైన చల్లుతారు. రూతు వెనక్కి తిరక్కుండానే, "డాడీ, స్టవ్ దగ్గరికి రావద్దు. నువ్వొస్తే ఇంకా ఫ్రై చెయ్యి, ఇంకా ఫ్రై చెయ్యి అంటావ్" అంది. నేను మెట్టుమీదే కూర్చుండిపోయాను. నాకు ఈ వంట నేర్పిన మనిషి పేరు బువా. నా భార్య తల్లి. థాయ్‌లాండ్‌లో ఖోరాట్ దగ్గరి ఒక పల్లె నుంచి ఎనభైల మొదట్లో జెర్సీ సిటీకి వచ్చి, మా ఇరుకు అపార్ట్‌మెంట్‌లో కొన్నేళ్ళు ఉన్నది. నా బతుకును ఒక దారిలో పెట్టింది ఎవరని ఎవరైనా అడిగితే, నేను చదివిన కాలేజీ కంటే ముందు ఆమె పేరే చెబుతాను.

నేను నిజాంపట్నం వైపువాణ్ణి. డెబ్బైల చివర్లో అమెరికా వచ్చి, రసాయన కర్మాగారాలకు గొట్టాల అమరిక గీసే ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. మొదటి చలికాలంలోనే మంచుమీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఆస్పత్రిలో నాకు కట్టు మార్చిన నర్సు పేరు ప్రాణీ. ఆమె భాషలో ఆ పేరుకు దయగలది అని అర్థం. మన దగ్గర ఈగా దోమా కూడా ప్రాణులే అని చెబితే, కట్టు బిగించి ఒక్కసారి గట్టిగా లాగింది. చెయ్యి నయమయ్యేలోపే పెళ్ళి నిశ్చయమైంది. మా ఇద్దరి మధ్యా ఉన్న ఒకే భాష ఇంగ్లీషు. అది ఇద్దరిదీ కాదు. ఆమె బౌద్ధురాలు, నేను ఆదివారం తప్పకుండా తెలుగు ప్రార్థన కూటానికి వెళ్ళేవాణ్ణి. దేవుడి విషయంలో మేమెప్పుడూ పోట్లాడుకోలేదు. అన్నం విషయంలో రోజూ పోట్లాడుకున్నాం. ఆమెకు ముద్దగా అంటుకునే బియ్యం కావాలి, నాకు పలుకుగా విడివిడిగా ఉండాలి. ఆమె ఊరవేసిన చేపల రసం సీసా మూత తీస్తే నేను కిటికీ తెరిచేవాణ్ణి. నేను ఆవకాయ జాడీ తెరిస్తే ఆమె తుమ్మేది.

రూతు కడుపులో పడ్డాక ప్రాణీ వాళ్ళమ్మను పిలిపించింది. విమానాశ్రయంలో ఒక చిన్న మనిషి, కూతురి కోటు తొడుక్కుని, ఒళ్ళో మట్టిరోలును పసిబిడ్డలా పట్టుకుని కనబడింది. దారంతా దాన్ని కాళ్ళకింద పెట్టనివ్వలేదట. కారులో నేను ఆమె పేరు అడిగాను. "బువా" అంది. తామరపువ్వు అని ప్రాణీ చెప్పింది. మా దగ్గర చిన్నపిల్లలు అన్నాన్ని బువ్వ అంటారని నేను చెప్పగానే, ప్రాణీ అది తల్లికి థాయ్‌లో చెప్పింది. ఆమె నవ్వడం మొదలుపెట్టి నదికింది సొరంగం దాటేదాకా ఆపలేదు. ఆ తర్వాత ఇంట్లో అందరం ఆమెను బువా అనే పిలిచాం. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవడమేమిటని మొదట నాకు నోరు రాలేదు. ఆమే "బువా, బువా" అని నా ముందు కూర్చుని, తినమన్నట్టు నోటిదగ్గర చెయ్యి పెట్టి చూపించి, పిలిపించుకుంది.

ఒకరోజు ఆమె ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ "సామీ ప్రాణీ" అని పదేపదే అంటోంది. నన్నేదో స్వామీజీ అనుకుంటోందా అని భార్యను అడిగాను. "సామీ అంటే మొగుడు. ప్రాణీ మొగుడు అంటోంది, అంతే" అంది. ఆ రోజు నుంచి నేనూ బువా కలిసి మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టాం. ఆహారం వాళ్ళకు ఆహాన్. వేళ వాళ్ళకు వేలా. భాష వాళ్ళకు ఫాసా. ఒక మాట కలిసినప్పుడల్లా ఆమె బల్లమీద చరిచేది. ఆ కొద్ది మాటలతో, వేళ్ళతో, ముఖాలతో మేం సంసారం నడిపాం. సాయంత్రాలు టీవీలో కుస్తీ పోటీలు చూసేది. రూతు పుట్టాక పాపను ఒళ్ళో పెట్టుకుని, బక్కవాడి పక్షాన చేరి, తెలిసిన థాయ్ తిట్లన్నీ తిట్టేది. వాటిలో కొన్ని నాకిప్పటికీ కంఠస్థం. ప్రాణీ అర్థం మాత్రం చెప్పదు.

రూతు పుట్టిన మరుసటి ఏడాది మా ఆఫీసు గొట్టాల విభాగాన్ని మూసేసింది. ఎక్కడా పనులు లేని రోజులవి. దరఖాస్తులు పంపుతూ కూర్చున్నాను. ప్రాణీ రెండు షిఫ్టులు చేసేది. నేను పడకగది తలుపు వేసుకుని పడుకునేవాణ్ణి. నిద్ర కాదు, సిగ్గు. భార్య జీతంతో తింటున్నానన్న మాట ఎవరూ అనకపోయినా, నేనే నా చెవిలో అనుకునేవాణ్ణి. ఒకరోజు బువా తలుపు తోసుకుని లోపలికొచ్చి, పాపను నా పక్కన పడుకోబెట్టి, నా ముఖంవంక చూసి, "సామీ ప్రాణీ, పని లేదా?" అన్నట్టు చేతులు తిప్పింది. "లేదు" అన్నాను. "మీ" అంది. వాళ్ళ భాషలో, ఉంది అని. నా మణికట్టు పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి, రోలు ముందు కూర్చోబెట్టి, వేయించిన బియ్యం పోసింది. నేను దంచాను. చాలదంది. మళ్ళీ దంచాను. మెత్తగా అయిపోయిందని తల కొట్టుకుని, అదంతా పక్కన పోసి, కొత్తగా బియ్యం వేయించడం ఎలాగో చూపించింది. మధ్యాహ్నానికి నా భుజం నొప్పెట్టింది. ఆకలి వేసింది. ఎన్నో వారాల తర్వాత ఆకలి వేయడం నాకే ఆశ్చర్యంగా ఉంది. సాయంత్రం ప్రాణీ డ్యూటీనుంచి వచ్చి తిని, "ఇది ఎవరు చేశారు?" అంది. బువా నా వైపు వేలు చూపించి, కుస్తీలో గెలిచినవాడి చెయ్యి ఎత్తినట్టు నా చెయ్యి పైకెత్తింది.

అలా పాపకు స్నానం, ఇంటి వంట, గుడ్డలు నా చేతికి వచ్చాయి. బువాకు చైనాటౌన్‌కు వెళ్ళడమంటే ఇష్టం, నదికింద వెళ్ళే రైలంటే భయం. సొరంగంలోకి రాగానే నా మోచెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకునేది. వెలుతురు కనబడగానే వదిలేసి, ఏమీ జరగనట్టు సంచి సర్దుకునేది. ఆ సంచుల్లో నిమ్మగడ్డి, పచ్చి బొప్పాయి, చింతపండు తెచ్చేవాళ్ళం. మా ఊరి రేవులో ఎండుచేపల మధ్య పెరిగిన నాకు, ఆమె చేపల రసం కంపు ఎప్పుడు కమ్మటి వాసనగా మారిందో తెలియలేదు.

ఒక ఆదివారం ప్రార్థన కూటం మా సంఘపెద్ద విజయానందం గారి ఇంట్లో జరిగింది. బువా తానూ వస్తానంది. రెండు గంటలు చేతులు జోడించుకుని ముందు వరసలో కూర్చుంది. ప్రార్థన అయ్యాక భోజనాల దగ్గర విజయానందం గారు నన్ను చూసి, "ఏం సుధీర్ బాబూ, ఇంకా ఇంట్లోనేనా? జాబ్ ట్రై చేస్తున్నావా, లేక ఆవిడ శాలరీతో లాగించేస్తున్నావా?" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, నవ్వించాలనే అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. నేను ప్లేటులోకి చూశాను. బువాకు మాటలు తెలియవు కానీ నా ముఖం తెలుసు. ఏమన్నాడని కూతుర్ని అడిగింది. ప్రాణీకి ఆపాటి తెలుగు వచ్చేసింది, చెప్పింది. బువా లేచి, తను తెచ్చిన మాంసం ఆయన ప్లేటులో రెండు గరిటెలు వడ్డించి, తాపీగా ఏదో అడిగింది. ప్రాణీ ఇంగ్లీషులో వినిపించింది. "మా అల్లుడు ఇంట్లో ఉన్నాడు కాబట్టి నా కూతురు వచ్చేసరికి అన్నం వేడిగా ఉంటోంది, పాప శుభ్రంగా ఉంటోంది. మీ ఆవిడ కూడా ఉద్యోగం చేస్తుందట కదా, ఆమె వచ్చేసరికి మీ ఇంట్లో ఎవరు వండి పెడుతున్నారు? అని అడుగుతోంది మా అమ్మ."

విజయానందం గారి భార్య కరుణమ్మ అక్క ఒక్కసారిగా పకపకా నవ్వి, "చెప్పండి మరి! ఆన్సర్ చెప్పండి, అడుగుతున్నారుగా!" అంది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కళ్ళవెంట నీళ్ళు, ముక్కువెంట నీళ్ళు. మంచినీళ్ళు తాగి, "అమ్మా, ఇది అచ్చం మా బాపట్ల కారం. ఇంకొంచెం వెయ్యండి" అన్నారు. ఆ వేసవిలో వాళ్ళబ్బాయి గ్రాడ్యుయేషన్ విందుకు వంట చేయమని మమ్మల్ని అడిగింది ఆయనే. అక్కడ తిన్నవాళ్ళు ఇంకొకచోటికి పిలిచారు. ప్రాణీతో పనిచేసే నర్సులు వారాంతాల్లో డబ్బాలు కట్టించుకునేవాళ్ళు. బువా వండేది, నేను తరిగి, దంచి, కార్లో పెట్టుకుని డెలివరీ చేసేవాణ్ణి.

అంత వంట ఆ చిన్న వంటింట్లో ఎలా దాగుతుంది? మా ఇంటి యజమాని సాల్ అనే పెద్దాయన. చిన్నతనంలో ఇటలీనుంచి వచ్చినవాడు, మా కింది అంతస్తులోనే ఉండేవాడు. ఒక సాయంత్రం పైకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "మీరంటే నాకు కోపం లేదు. కానీ ఆ వాసన మా ఆవిడ కర్టెన్లకు పట్టింది, నా కోటుకు పట్టింది. చర్చిలో నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. నెలాఖరులోపు అది ఆగాలి, లేదా మీరు వేరే ఇల్లు చూసుకోవాలి" అన్నాడు. ఉద్యోగం లేనివాడికి ఆ ఊళ్ళో ఎవరూ ఇల్లివ్వరు. బువాకు సంగతి తెలిసింది. సీసాలన్నిటికీ మూతలు బిగించి, వారం రోజులు ఉడకబెట్టిన గుడ్లు, చప్పిడి గంజి పెట్టింది. కుస్తీ కూడా చూడలేదు. ఇల్లు ఆస్పత్రిలా అయిపోయింది.

ఆ వారం చివర, నేను రూతుకు గంజి తాగిస్తుంటే, ఆమె స్టవ్ దగ్గర నిలబడి గాలిలో వేలితో గీతలు గీసింది. స్టవ్ పైనుంచి కిటికీదాకా, కిటికీనుంచి పైకి. "పైప్" అంది. "సామీ ప్రాణీ పైప్ గీత. ఇక్కడ పైప్." నాకు నవ్వొచ్చింది. నేను గీసేవి ఫ్యాక్టరీలకు, వంటింటికి కాదని ప్రాణీతో చెప్పించాను. బువా నావంక జాలిగా చూసి అన్న మాట ప్రాణీ నాకు వినిపించింది. "వారంవారం నలభైమందికి వండే చోటు ఫ్యాక్టరీ కాక మరేమిటి?"

ఎన్నో నెలల తర్వాత డ్రాయింగు బల్ల తీశాను. పొయ్యిమీద రేకు గొడుగు, దానినుంచి గొట్టం, కిటికీ పై అద్దం స్థానంలో ఫ్యాను, అక్కడినుంచి కప్పు దాటేదాకా పొగగొట్టం. గాలి ఎటునుంచి వస్తుందో చూడ్డానికి కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, బువా తన దుప్పటి దారం పట్టుకుని నిలబడింది. గీసిన కాగితం సాల్‌కు చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నువ్వు ఇలాంటివి చేస్తావని ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. రేకుపని చేసే తన మేనల్లుణ్ణి పిలిపించి, సిటీ పర్మిషన్ తనే తెచ్చాడు. ఫ్యాను పెట్టిన రోజున బువా చేపల రసం సీసా మూత తీసి మూకుట్లో ధారగా పోసింది. మిగతా అందరం కింద సాల్ ఇంట్లో కూర్చుని ఊపిరి బిగబట్టాం. ఆయన కర్టెను వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. "ఏమీ లేదు" అని, కాస్త నిరాశగా, "ఇంతకీ ఏం వండుతోంది?" అన్నాడు.

సాల్ బావమరిదికి ఒక పిజ్జా దుకాణం ఉండేది. అక్కడ పొగ సమస్య. అది గీశాను. పక్కనే చైనావాళ్ళ హోటలు, దాని తర్వాత నేవార్క్‌లో ఒక బేకరీ. ఏడాది తిరక్కుండా నాదే ఒక చిన్న ఆఫీసు, తలుపుమీద నా పేరు. వంటిళ్ళలోని పొగను బయటికి పంపడమే నా వృత్తి అయింది. రిటైరయ్యేదాకా అదే చేశాను, సంతోషంగా చేశాను. పాత ఆఫీసువాళ్ళు ఆ విభాగం తెరిచి మళ్ళీ పిలిచినప్పుడు రానన్నాను.

రూతు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక బువా ఇక వెళతానంది. మా దుఃఖం ఆమెకు ఎక్కలేదు. ఊళ్ళో చెల్లెళ్ళున్నారు, చీట్లాట ఆగిపోయింది, మీకిప్పుడు నేనెందుకు అంది. వెళ్ళి చాలా ఏళ్ళు బతికింది. ఆమె పోయిందని కబురొచ్చినప్పుడు నేనూ ప్రాణీ వెళ్ళాం. ఇంటినిండా జనం, భిక్షువుల మంత్రాలు, ప్రాణీ చుట్టూ చుట్టాలు. ఎవరితో ఏమనాలో, ఎక్కడ నిలబడాలో నాకు తెలియలేదు. పెరట్లో ఆడవాళ్ళు పెద్ద పెద్ద గిన్నెలు తోముతున్నారు. వెళ్ళి, ప్యాంటు మడిచి, వాళ్ళ మధ్య కూర్చున్నాను. ఎవరూ వద్దనలేదు. ఒక ముసలావిడ కొంచెం జరిగి, నా ముందుకు ఒక గిన్నె తోసింది. అది తోముతూండగా ఏడుపు వచ్చింది. బాగానే ఏడ్చాను, గిన్నెలూ బాగానే తోమాను.

ఆ అలవాటు నాకలాగే ఉండిపోయింది. మా సంఘంలో ఎవరింట్లో ఉద్యోగం పోయినా, మనిషి పోయినా, ఓదార్పు మాటలు నాకు చేతకావు. తిన్నగా సింకు దగ్గరికి వెళతాను. కిందటి ఏడు మా కూటంలో ఒక అమ్మాయి భర్తను పోగొట్టుకుంది. హాల్లో అందరూ బైబిలు వాక్యం చెబుతున్నారు. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే ఆమె లోపలికి వచ్చి చూసి, "అంకుల్, అవి ఆల్రెడీ కడిగేశానండి" అంది. "తెలుసమ్మా" అని, మళ్ళీ కడిగాను. ఆమె పొడిగుడ్డ తీసుకుని, నా పక్కన చేరి, ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టింది. నాలుగో గిన్నెకో ఐదో గిన్నెకో, తనంతట తనే మాట్లాడింది.