దక్షిణపు కిటికీకి కొట్టిన టేకు పట్టీలు

మీసాలు కుదురుగా రాకముందే ఉపన్యాసాలు వచ్చేసిన వయసు నాది ఆ రోజుల్లో. లోకంలోని మూఢనమ్మకాలన్నీ నా నోటి చేతిలో చావడానికే వరసలో నిలబడి ఉన్నాయని గట్టిగా నమ్మేవాణ్ణి (ఆధారం లేకుండా నేను నమ్మినది అదొక్కటే). సాయంత్రాలు గద్వాలలో చర్చా వేదికలెక్కి వాదించేవాణ్ణి, పగలు మేనమామ వడ్రంగి దుకాణంలో పనిచేసేవాణ్ణి. కర్ర అంచున అందంగా గాడి తీసే రౌటర్ అనే చేతిమిషన్ నాకు బాగా అలవాటైంది. నా వాదన విని మనసు మార్చుకున్నవాడు ఒక్కడూ దొరకలేదు గానీ, నా గాడి వంకరపోయిందన్నవాడు కూడా దొరకలేదు.

వనపర్తిలో అక్కావాళ్లు కొత్తిల్లు కట్టుకున్నారు. వంటింట్లో టేకు పట్టీలు కొట్టాలని బావ కబురు పెడితే మిషన్ సంచిలో వేసుకుని బస్సెక్కాను. తీరా వెళ్తే సంగతి వేరే. దక్షిణం గోడకున్న కిటికీ మీద పలక కొట్టి శాశ్వతంగా మూసేయాలట. ఆ పలక వికారంగా కనబడకుండా చుట్టూ నా పట్టీలు సింగారమట. యముడి దిక్కు నుంచి గాలి రాకూడదని వాస్తు చూసే దిక్కుల సారు సెలవిచ్చాడు. ఈయన నాగర్‌కర్నూల్ నుంచి వస్తాడు, ఫోన్‌లోని దిక్సూచి పట్టుకుని గది గదీ తిరుగుతాడు. ఆ సూది యముణ్ణి అడిగి తిరగడం లేదని ఆయనకెవరూ చెప్పలేదు.

ఆ వంటింటికి ఉన్నది అదొక్కటే కిటికీ. అక్కకు పోపు ఘాటు పడదు, దగ్గు మొదలైతే గోడ పట్టుకుని నిలబడాల్సిందే. "ఆయనకేంది తమ్మీ, జెప్పిపోతడు. పొద్దంత గీడ నిలవడి దగ్గేది నేను" అంది నాతో మెల్లగా. నా ఒళ్లు మండిపోయింది.

"బావా, యముడు కిటికీలకెళ్లే వస్తడా? వాకిలి తెల్వదా ఆయనకు?" అన్నాను.

"నీ మీటింగు మాటలు గద్వాలల జెప్పుకో. రేపు నా ఇంట్ల ఏమన్నయితే నువ్వొచ్చి సూస్తవా?" అన్నాడు బావ.

పొగ గురించి, ఊపిరితిత్తుల గురించి, మనిషి బతకడానికి గాలి అవసరం గురించి సభలో మాట్లాడినట్టే మాట్లాడాను. అక్కడే కూర్చున్న దిక్కుల సారు కళ్లు మూసుకుని విన్నాడు (ధ్యానమన్నాడు బావ, నిద్రని నా అభిప్రాయం). కళ్లు తెరిచి కొత్త షరతు పెట్టాడు. పట్టీలకు గాడి వాకిట్లో తీయకూడదు, ఆగ్నేయంలో, అంటే ఆ వంటింట్లోనే తీయాలి. అదీ తలుపులూ కిటికీ గొళ్లెం పెట్టి, మంచి ఘడియ బయటికి పోకుండా.

"ఘడియకు కాళ్లున్నయా సారూ, పోనీకి?"

"కాళ్లు లేవు గాబట్టే గాలిల వోతది."

"గీ మిషన్ బైట నడపాలె. లోపల నడిపితే కట్టె పొడి కండ్లల్ల వడ్తది."

"నువ్వు మిషన్ సూస్కో. ఘడియ నేను సూస్కుంట."

సరే అని మొహానికి తువ్వాల చుట్టుకుని మిషన్ వేశాను. అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. మొదటి పట్టీ పూర్తయ్యేసరికి లేచిన పొడిలో పక్కనున్న బావ కనబడలేదు. రెండో పట్టీ సగంలో దిక్కుల సారు మంత్రం దగ్గులోకి దిగింది. నేను మిషన్ ఆపేలోపే ఆయన గోడ తడుముకుంటూ వెళ్లి, ఏ కిటికీ మూయమన్నాడో ఆ కిటికీ గొళ్లెమే లాగి, చువ్వలకు మొహం ఆనించి ఊపిరి పీల్చుకున్నాడు. బయట గిన్నెలు తోముతున్న పక్కింటి చాంద్‌బీ పెద్దమ్మ తలెత్తింది.

"అరె, పిండి గిర్నిల వడ్డవా సారూ? జర ఉండు, నీళ్లు తెస్త."

చువ్వల్లోంచి ఆమె ఇచ్చిన నీళ్లు తాగి, మొహం తుడుచుకుని, ఫోన్ మీద పొడి ఊది చూశాడు దిక్కుల సారు. "సూస్తిరా? మంచి ఘడియల తెరుసుకున్న కిటికీ. మూస్తే దోషం. పట్టీలు సుట్టు కొట్టి తెరిసే ఉంచుండ్రి" అన్నాడు. బావ చేతులు జోడించాడు.

"తెరుసుకోలే సారూ, ఊపిరాడక నువ్వే తెరిస్తివి..." అని నేను మొదలుపెట్టానో లేదో, అక్క నా కాలు తొక్కింది. "సప్పుడు జెయ్యకు తమ్మీ, మళ్ల మాట మారుస్తడు. జెల్ది కొట్టు."

మూలలు ఏటవాలుగా కోసి, జిగురు రాసి, తల లేని సన్న మేకులతో పట్టీలు బిగించాను. ఒక్కో మేకుకూ లోలోపల ఒక్కో ఖండన చెప్పుకున్నాను. అంత హేతుబద్ధమైన వడ్రంగం పాలమూరులో ఎక్కడా జరిగి ఉండదు.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు ఆ వంటింటికి వెళ్తే, నేను గాడి తీసిన టేకు పట్టీలకు పసుపు కుంకుమ బొట్లుంటాయి. కిటికీ తనంతట తానే తెరుచుకున్న కథ బావ చుట్టాలందరికీ చెబుతాడు. దేవుడు లేడని ఊరూరా తిరిగి చెప్పిన నా చేతిపనికి శుక్రవారం శుక్రవారం దండం పెడతారు. కిటికీ తెరిచింది సారేనని ఆ రోజు నేను రుజువు చేసి ఉంటే, నేను గద్వాల బస్సెక్కిన మర్నాడే బావ ఆ కిటికీ మూయించేవాడు. అది తలుచుకుంటే ఇంకా మండుతుంది నాకు. మొన్న వెళ్లినప్పుడు ఆఖరిసారిగా నిజం తేల్చేయాలని, బావను ఎదురుగా కూర్చోబెట్టి, గొంతు సవరించుకున్నాను. అప్పుడే అక్క చింతపులుసుకు ఎండుమిరపకాయల పోపు పెట్టింది. ఘాటంతా తిన్నగా కిటికీలోంచి వెళ్లిపోయింది. ఆమె దగ్గలేదు. నేనేం చెప్పబోతున్నానని బావ రెండుసార్లు అడిగాడు. పులుసు వాసన బాగుందన్నాను.