అక్క మెడ వంచని రోజు

మనవరాలి కొత్త బాస్కెట్‌బాల్ రబ్బరు వాసన తగలగానే మా అప్పలనర్సక్క గుర్తొచ్చింది. అరవైల చివర్లో శ్రీకాకుళంలో నాతో చదివినవాళ్ళకి గుర్తుందా, మన బళ్ళో ఎర్రమట్టి కోర్టు, వల లేని తుప్పు రింగు?

అక్కడే డ్రిల్లు మాస్టారు అందరి ముందూ అక్క చేతిలో బంతి లాక్కుని, "సేపల కంపు కొడతన్నావు, అవతలికి పో" అన్నారు. మా అమ్మ చేపలమ్మేది. అక్క ఏడవలేదు. విజయనగరంలో మావయ్య ఉండే రైల్వే క్వార్టర్సుకి వెళ్ళిపోయి, అక్కడి మైదానంలో పంతం పట్టి ఆట నేర్చుకుంది. రైల్వే జట్టులో చోటూ, ఉద్యోగమూ సంపాదించింది.

రెండు మూడేళ్ళకి ఆ జట్టుతో మన ఊరొచ్చి, మాస్టారు తయారుచేసిన జట్టుని చిత్తుగా ఓడించింది. రింగులో బంతి వేసినప్పుడల్లా ఆయన వైపే చూసింది. ఆట అయ్యాక ఆయన దండ పట్టుకొచ్చి, "ఈ పిల్ల నా శిష్యురాలే" అని మైకులో చెప్పారు. అక్క మెడ వంచలేదు. మైకు అందుకుని, "ఈయన నాకు ఆట నేర్పనేదు. బంతి ముట్టుకోనీకుండా గెంటేసినాడు" అంది. దండ ఆయన చేతుల్లోనే ఉండిపోయింది. నా కడుపు చల్లబడింది.

ఇంటికొచ్చాక అమ్మ నొచ్చుకుంది. "పెద్దాయన గదే, నలుగుర్లో అలగ అనకుండా ఉండాల్సింది."

అక్క కంచం ముందు కూర్చుంటూ, "నన్నూ నలుగుర్లోనే అన్నాడు గదమ్మా" అంది.