డీఎన్‌ఏ కోసం కొన్న సీసా

మందు వాసన కూడా పడని నన్ను మా ఇంట్లో ఇప్పుడు తాగుబోతుగా చూస్తున్నారు. దానికి కారణం డీఎన్‌ఏ. వినండి, విని న్యాయం మీరే చెప్పండి.

నేను అనకాపల్లిలో ఇంటర్ పిల్లలకి బయాలజీ చెప్తాను. మొన్న జీవాణువుల పాఠం, అదే బయోమాలిక్యూల్స్. "పిండి పదార్థాలు, ప్రోటీన్లు, కొవ్వులు రోజూ మీ కంచంలో ఉండేవే. డీఎన్‌ఏ ఎవరూ చూళ్లేదు కదా, రేపు నేను చూపిస్తాను" అని గొప్పగా మాటిచ్చేసేను. పెద్ద పనేం కాదు. అరటిపండు మెత్తగా పిసికి, ఉప్పూ సబ్బునీళ్లూ కలిపి, వడగట్టి, పైన చల్లటి స్పిరిట్ మెల్లగా పొయ్యాలి. తెల్లటి దారాల్లా డీఎన్‌ఏ తేలుతుంది.

మెడికల్ షాపులో స్పిరిట్ అయిపోయిందన్నారు. ఘాటు తక్కువైనా పనికొస్తాదిలే అని, హెల్మెట్ తియ్యకుండా వైన్ షాపుకెళ్లి ఓ వోడ్కా సీసా కొన్నాను. ఇంటికొచ్చి ఫ్రీజర్‌లో పెట్టేను.

అదే రోజు చీడికాడ నుంచి మా మావగారు దిగేరు. చూపు మసకేసిందని కళ్ల డాక్టరు కోసం వచ్చిన మనిషి. ఆ మసక చూపుకి ఐసు ట్రే వెనకున్న సీసా మాత్రం చక్కగా కనబడింది.

"ఏటి బాబూ ఇది? సదూకున్నోరు, పిల్లలకి పాఠాలు సెప్పేవోరు. మా అమ్మాయి గతేటి?" అన్నారు.

"అది డీఎన్‌ఏ కోసమండీ" అన్నాను.

"పేరేదైతే ఏటి, మందు మందే కదా."

భోజనాల దాకా క్లాసు పీకేరు. మా ఆవిడ సుజాత కళ్లు తుడుచుకుంటూ వడ్డించింది.

పొద్దున్న కాలేజీకి బయల్దేరుతూ సీసా తీస్తే లోపలంతా గడ్డ. ఇంటి ఫ్రిజ్‌లో వోడ్కా గడ్డకట్టదు. గడ్డకట్టేది నీళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మీ నాన్న తాగేసి నీళ్లు పోసి పెట్టేరు" అన్నాను సుజాతతో.

"తాగింది మీరు. నెపం పెద్దాయన మీదా?" అంది. పెద్దాయన హాల్లో కళ్లలో చుక్కలేసుకుని, ఏమీ వినబడనట్టు పడుకునున్నారు.

ఎంతో కొంత మందు మిగిలుంటాదన్న ఆశతో ఆ ఐసే కరిగించి క్లాసులో పోసేను. డీఎన్‌ఏ రాలేదు, వాసన వచ్చింది. ప్రిన్సిపాల్ అటే వచ్చి, టెస్ట్ ట్యూబ్ దగ్గర ముక్కు పెట్టి, నా మొహంకేసి ఓసారి చూసి వెళ్లిపోయేడు.

ఇంత జరిగేక, సాయంత్రం బస్సెక్కిస్తుంటే మావగారు నా చెవి దగ్గరకొచ్చి "బాబూ, వచ్చే వారం ఏ పాఠం?" అన్నారు.

"ప్రోటీన్లు. కోడిగుడ్డుతో చేస్తాను" అన్నాను, పళ్లు కొరుక్కుంటూ.

"అయితే ఉడకబెట్టి ఉప్పూ కారం జల్లి ఉంచండి. వత్తాను."

అక్కడే నిలబెట్టి కడిగేద్దామనుకున్నాను. నా రోషం ఎంతటిదో చూడండి, "కారం ఎక్కువ వెయ్యమంటారా, తక్కువా?" అని అడిగేను.