నలభై రెండు సెంటీమీటర్ల గొయ్యి

ఉయంగా ఎమ్మెస్సీ కోసం రాసిన పరిశోధన వ్యాసం తొంభై నాలుగు పేజీలు. ఆల్తాయ్ కొండల్లో పశువుల కాపరులు చలికాలం గడిపే విడుదుల కింద నేల ఎలా ఉంటుందన్నది విషయం. మూడు వందల పన్నెండు నమూనాలు పరీక్షించింది. అన్నీ గుడ్డసంచుల్లో ఉలాన్‌బాతర్ ప్రయోగశాలకి వచ్చినవే. ఏ సంచి ఏ లోయ నుంచి వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఆ లోయల్లో ఒక్కదాన్నీ చూడలేదు.

పుట్టి పెరిగింది రాజధాని అంచున బస్తీలో. అమ్మమ్మ, తాతయ్య ఒకప్పుడు కాపరులే. ఉయంగా పుట్టకముందే ఒక చావు చలికాలంలో, గడ్డి మీద మంచు గడ్డకట్టి మందంతా పోయింది. మిగిలిన గుడారం లారీ మీద వేసుకుని పట్నం చేరారు. తల్లి బడి వంటగదిలో పని చేసి పిల్లని చదివించింది. ఇంట్లో గొర్రెల గురించి మాట్లాడేవాళ్ళు కారు. ఉయంగాకి గొర్రె అంటే సంతలో మాంసం.

మే పదిహేడున పట్టా ఖాయమైంది. జూన్ పదో తారీఖున నేలల పరిశోధన కార్యాలయంలో చేరాలి. రెండేళ్ళు ఎదురుచూస్తే దొరికిన ఉద్యోగం. మధ్యలో మూడు వారాలుంది. తోటివాళ్ళు సముద్రం చూడ్డానికి చైనా వెళ్ళారు. ఉయంగా మేనమామ దంబా దగ్గరికి వెళ్ళి, పడమటికి తీసుకెళ్ళమని అడిగింది.

దంబా ముప్పై ఏళ్ళుగా పాత రష్యన్ వ్యాను నడుపుతున్నాడు. మనిషికి ఉబ్బసం, బండికి పొగ. రెండు షరతుల మీద ఒప్పుకున్నాడు. ఒకటి, పెట్రోలు ఆమెది. రెండు, ఎప్పుడు చేరతాం అని అడక్కూడదు. ఆ ప్రశ్న వింటే బండి మొరాయిస్తుందని అక్కడి డ్రైవర్లందరూ నమ్ముతారు.

ఆరు రోజులు ఆమె అడగలేదు. దారి ఉన్నచోట దారిలో, లేనిచోట పాత టైర్ల జాడల్లో వెళ్ళారు. ఎండిన ఏటి గర్భాలు, ఉప్పు తేలిన తెల్లటి పల్లాలు, పొద్దుటి నుంచి పక్కనే ఉన్నట్టు కనిపిస్తూ సాయంత్రానికి కూడా దగ్గరవని కొండ. కనుమ ఎక్కిన ప్రతిసారీ వ్యాను ఆపి, కొండదేవత పేర పేర్చిన రాళ్ళకుప్ప చుట్టూ మూడుసార్లు తిరిగి, తలా మూడు రాళ్ళు వేసి దిగేవారు. లోయ కనిపించగానే ఉయంగా పటం చూసుకుని వేలు చూపించేది. ఇది నూట నలభయ్యో నమూనా, ఇక్కడ ఉప్పెక్కువ. అది రెండు వందల ఆరు, అక్కడ సున్నం.

“దానికో పేరుండదా?” అన్నాడు దంబా. “జైల్లో మనుషులకిచ్చినట్టు ఆ నెంబర్లేంటే?”

ఏడో రోజు మధ్యాహ్నం, ఖోవ్ద్ పట్నానికి దక్షిణాన పెద్ద కనుమ దిగుతుండగా నోరు జారింది. ఎప్పటికి చేరతాం మావయ్యా అంది. దంబా ఒక్కసారి తిరిగి చూశాడు. అరగంటలో గాలి తిరిగింది. ముందు దుమ్ము, వెనకే మంచు. మే నెలాఖర్లో కూడా ఆ కొండల్లో అది వింతేమీ కాదు. పెట్రోలు గొట్టంలో చెత్త అడ్డుపడి ఇంజను దగ్గడం మొదలెట్టింది.

“పట్టా పుచ్చుకున్నావుగా, నోరెప్పుడు మూసుకోవాలో చెప్పలేదా ఆ బళ్ళో?” అన్నాడు దంబా.

బండిని తోసుకుంటూ, ఈడ్చుకుంటూ ఒక నల్లబండ చాటుకి చేర్చారు. అక్కడ ఎవరిదో చలికాలపు విడిది ఉంది. మూడువైపులా రాతిగోడ, ఒక మూల చెక్క కప్పుతో గొర్రెల కొట్టం. ఎండలు రాగానే మంద తోలుకుని పోతారు కాబట్టి మనిషి జాడ లేదు. అలాంటి చోట దారిన పోయేవాడు దిగొచ్చు, ఉన్న ఎండుపేడ నాలుగు ముక్కలు కాల్చుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. అయితే గోడ పక్కన కుప్పపోసి ఉన్న పేడ మంచుకి తడిసి ముద్దయింది. ఎంత ఊదినా పొగే తప్ప మంట లేదు. ఆ పొగకి దంబా ఆయాసం పెరిగి, గోడకానుకుని కూర్చుండిపోయాడు.

ఉయంగా కొట్టంలో నేలని కాలితో తన్ని చూసింది. పొడిగా ఉంది. ఏళ్ళ తరబడి గొర్రెల పెంటికలు తొక్కుడుపడి, ఎండి, చెక్కలా గట్టిపడిన పొర. ఆమె వ్యాసంలో సగం దీని గురించే. తేమ ఎంతో, బూడిద ఎంతో, కాలిస్తే ఎంత వేడి వస్తుందో పట్టికలో ఉంది. బండిలోంచి పార తెచ్చి తవ్వింది. పలకలు పలకలుగా లేచింది. బండిలో ఉన్న చిన్న ఇనప పొయ్యిలో పెడితే బొగ్గులా రాజుకుంది.

“ఇది తవ్వొచ్చా?” అనడిగాడు దంబా, చేతులు చాపి కాచుకుంటూనే.

“పేడే కదా మావయ్యా.”

చదువు అక్కరకొచ్చిందని ఆమెకి సంతోషంగానే ఉంది. గాలి రెండు రోజులు వదల్లేదు. పొయ్యీ ఆరలేదు. మూడో రోజు ఎండ కాసి, దంబా గొట్టం ఊడదీసి నోటితో ఊది, బండి కదిలేసరికి కొట్టంలో ఇద్దరు మనుషులు పక్కపక్కన పడుకునేంత గొయ్యి పడింది. అలవాటుకొద్దీ ఉయంగా లోతు కొలిచి పుస్తకంలో రాసుకుంది.

ఇరవై కిలోమీటర్లు దిగువన, వాగొడ్డున ఒక గుడారం కనిపించింది. దూరంగానే ఆగి, కుక్కని పట్టుకోమని కేకేశారు. లావుపాటి ముసలామె బయటికొచ్చి కుక్క మెడ మీద మోకాలు పెట్టి కూర్చుంది. పేరు దుల్మా. లోపల ఆమె భర్త లొచిన్, డెబ్బై దాటినవాడు, ఒక కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. కొడుకు గుర్రాలతో ఎగువ పచ్చికల్లో ఉన్నాడట. ఉప్పు వేసిన పాల చాయ్ ఇచ్చారు. లొచిన్ నశ్యం సీసా తీసి దంబాకి అందించాడు. దంబా వాసన చూసి తిరిగిచ్చాడు. ఎవరు, ఎక్కడి నుంచి, అక్కడ వాన పడిందా, పశువులు బలంగా ఉన్నాయా అన్న మాటలన్నీ నిదానంగా నడిచాయి. మంచుగాలిలో ఎక్కడున్నారని దుల్మా అడిగితే, నల్లబండ కింద విడిదిలో అని దంబా చెప్పాడు.

“మాదే అది,” అన్నాడు లొచిన్. “మంచి పని చేశారు. గాలి తగలదు.”

దుల్మాకి ఆ చోటంటే అభిమానమని మాటల్లో తెలిసింది. పదకొండేళ్ళ కిందట వాళ్ళు కొండకి అవతలి వైపు కొత్త విడిది వేసుకున్నారు. నేల కొత్తది, గొర్రెల కింద పెంటికల పరుపు లేదు. చలి రాతిలోంచి నేరుగా పొట్టలకెక్కింది. నాలుగు వందల్లో తొంభై మిగిలాయి. ఆ తొంభైతో నల్లబండ కిందికి మారారు. ఏటేటా తొక్కించి, వేసవిలో ఆరబెట్టి, పరుపుని మూరెత్తు చేశారు. అప్పటి నుంచి చలికి ఒక్క గొర్రె కూడా పడుకున్నచోటే చావలేదు.

ఉయంగా గిన్నెలో చాయ్ చల్లారిపోయింది. వ్యాసం ముప్పై ఒకటో పేజీలో ఆమె ఒక్క వాక్యమే రాసింది: ‘పశువులు దీనిపై పడుకుంటాయి.’

బయటికొచ్చాక బండి చాటున దంబా గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆయన చెడ్డవాడు కాదు, సిగ్గుపడ్డాడు. చెబితే ఏం లాభం, డబ్బిస్తే వాళ్ళు తీసుకోరు, మనకి వారం రోజుల దారి ఉంది, నీకు పదో తారీఖు ఉద్యోగం ఉంది అన్నాడు. వాళ్ళు విడిదికి చేరేది అక్టోబర్లో. అప్పటికి ఎవరు తవ్వారో ఎవరికి తెలుస్తుంది అని కూడా అన్నాడు గానీ, ఆ మాట అంటున్నప్పుడు ఆమె వైపు చూడలేదు.

అక్టోబర్లో చూసుకుంటే పూడ్చడానికి వీల్లేదని ఆమెకి తెలుసు. తడి పెంటికలు వేస్తే గడ్డకడతాయి. వేసవి ఎండలో ఆరితేనే పరుపవుతుంది. ఈ లెక్క కూడా ఆమె పట్టికలోదే. ఆమె వెనక్కి గుడారంలోకి వెళ్ళింది. కూర్చోకుండా నిలబడే చెప్పింది.

“తాతా, మీ పేడ తడిసిపోయింది. కొట్టంలో పరుపు తవ్వి కాల్చాను. నేనే. మావయ్య అడిగాడు కూడా, తవ్వొచ్చా అని.”

లొచిన్ నశ్యం సీసా మూత బిగించాడు. దుల్మా చేతిలో గరిటె ఆగింది.

“ఎంత లోతు?” అంది.

“నలభై రెండు సెంటీమీటర్లు.”

దుల్మా భర్త వైపు తిరిగింది. “కొలిచి మరీ తగలబెట్టిందయ్యా.”

లొచిన్ ముఖంలో నవ్వో కోపమో తెలియలేదు. మీరు చలికి చచ్చుంటే మాకింకా పాపం చుట్టుకునేది, వదిలెయ్యి, మావాడొచ్చాక చూసుకుంటాం అన్నాడు. కొడుకు వచ్చేది ఆగస్టులో, ఎండలు తగ్గాకేనని దుల్మా అంది. లొచిన్ మోకాలు బరువు మొయ్యనివ్వదు. అది చెప్పకుండానే కనిపిస్తోంది.

ఎలా పూడ్చాలో చెప్పమంది ఉయంగా. దుల్మా చెప్పింది. నల్లబండకి నాలుగు కిలోమీటర్ల అవతల లొచిన్ తండ్రి వాడి వదిలేసిన పాత దొడ్డి ఉంది. దాని కింద ముప్పై ఏళ్ళ నాటి పరుపు ఎవరికీ అక్కర్లేక పడి ఉంది. అది తవ్వి, మోసి, నలిపి, బెత్తెడు బెత్తెడు పొరలుగా పొయ్యాలి. ప్రతి పొరా గొర్రెలతో తొక్కించాలి. పది రోజులకి తక్కువ పని కాదు.

ఫోను పని చేసేది గుట్ట మీదే. ఉయంగా గుట్టెక్కి కార్యాలయానికి ఫోన్ చేసింది. వారం గడువు అడిగింది. అవతల పెద్దాయన మర్యాదగానే మాట్లాడాడు. పదో తారీఖంటే పదో తారీఖే, జాబితాలో రెండో అబ్బాయి రోజూ ఫోన్ చేస్తున్నాడు అన్నాడు. ఎక్కడున్నావని అడిగితే, మూడు వందల ఒకటో నమూనా దగ్గర అని చెప్పింది. దిగొచ్చాక దంబా, నువ్వు ఖోవ్ద్ వెళ్ళి విమానం ఎక్కు, నేనుండి చేస్తాను అన్నాడు. ఆ ఉబ్బసంతో దుమ్ములో మూడు రోజులు కూడా ఉండలేడని ఇద్దరికీ తెలుసు.

“తవ్వింది నేను,” అంది.

మర్నాడే పని మొదలైంది. దంబా వ్యాను సీట్లు పీకి పక్కన పెట్టి మోత బండి చేశాడు. లొచిన్ నలభై గొర్రెలని గుర్రం మీద తోలుకొచ్చి విడిది దగ్గర ఆపాడు. దుల్మా ఉయంగాకి వీపున బుట్ట కట్టి, చేతికి పళ్ళున్న పొడుగు కర్ర పంజా ఇచ్చింది. పలకని పంజాతో ఎత్తి, భుజం మీదుగా వెనక్కి విసిరితే బుట్టలో పడాలి. ఐదేళ్ళ పిల్లలు చేసే పని. ఉయంగా మొదటి పలక నెత్తిన పడింది. రెండోది దంబాకి తగిలింది.

“తొంభై పేజీలు రాసిందట,” అంది దుల్మా, నవ్వుకి కడుపు పట్టుకుని. “ఒక్క పేజీ బుట్ట గురించి రాయలేదూ?”

నాలుగో రోజుకి పలకలు బుట్టలోనే పడుతున్నాయి. ఆమె వాటిని చేత్తో విరిచి చూసేది. ప్రయోగశాలలో ఇదంతా గోధుమరంగు పొడి. ఇక్కడ పొర పొరకీ తేడా ఉంది. ఒకచోట వెంట్రుకలు, ఒకచోట నలిగిన గడ్డి, ఒక పొర వేలంత సన్నం. ఆ ఏడు మంద తక్కువ అన్నాడు లొచిన్, అడక్కుండానే. ఆ ఏడు ఏం జరిగిందో అప్పుడు చెప్పాడు. అలా ఒక్కో పొరకీ ఒక్కో చలికాలం చెప్పుకొచ్చాడు. ఆమె పుస్తకం తీసి రాసుకుంది. లోయ పేరు కూడా రాసుకుంది.

జూన్ పదో తారీఖు మంగళవారం. ఆ రోజు పదిహేడు బుట్టలు మోసింది. సాయంత్రం దంబా ఎండు పెరుగు ముక్క నములుతూ తేదీ గుర్తుచేయబోయి మానేశాడు. జాబితాలో రెండో అబ్బాయి ఆ ఉదయమే చేరాడని ఆమెకి తర్వాతెప్పుడో తెలిసింది. ఆ ఏడు శరత్కాలందాకా ఉయంగా తన తల్లి పని చేసే బడిలోనే గిన్నెలు కడిగింది.

పన్నెండో తారీఖున గొయ్యి నిండింది. గొర్రెలు చివరిసారి తొక్కి బయటికెళ్ళాయి. నేల చదునుగా, పాతదానిలాగే కనిపిస్తోంది. దంబా సీట్లు మళ్ళీ బిగిస్తున్నాడు. లొచిన్ కొట్టంలోకి వచ్చి, టోపీ తీసి పక్కన పెట్టి, గొయ్యి ఉన్నచోట అచ్చం గొర్రెలా కాళ్ళు ముడుచుకుని పక్కకి తిరిగి పడుకున్నాడు. ఉయంగా గోడ దగ్గర నిలబడింది. ఉత్తరం నుంచి పల్చగా గాలి వీస్తోంది. ఆయన కళ్ళు మూసుకుని, చాలాసేపు కదల్లేదు. ఒకసారి చెయ్యి జాపి గోడవార తడిమాడు.

“ఈ మూల రెండు వేళ్ళు దిగువుంది,” అన్నాడు లేవకుండానే. “పక్కటెముకకి గాలి తగుల్తోంది. ఇంకో రెండు బుట్టలు తే, అమ్మాయ్.”

ఉయంగా బుట్ట వీపుకి తగిలించుకుని బయటికి నడిచింది.