పిట్ట ముట్టని మధ్యాహ్నం

మొన్న పటాన్‌చెరు బస్టాండు దగ్గర ఆటో దిగి కళ్ళజోడు తుడుచుకుంటూ తలెత్తేసరికి, ఎదుటి స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో మా అత్త కనిపించింది. వర్ధంతి అట. ఒక మూలన తపాలా బిళ్ళంత బొమ్మ ఆమెది, మిగిలిన ఫ్లెక్సీ నిండా చేతులు జోడించి నవ్వుతున్నది మా చిన్నమామ, అంటే ఆమె సొంత మరిది. పేదపిల్లల పాలిట తల్లికి జోహార్లని కింద రాయించాడు. ఆ పిల్లల నెత్తిన నీడ లేకుండా చేసిన మనిషే ఆ జోహార్లు పలుకుతుంటే, నడిరోడ్డు మీద నిలబడి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసి, ఇప్పుడు మోకాళ్ళకు నూనె రాసుకుంటున్న నా ఈడు వాళ్ళకు ఈ కడుపుమంట అర్థమవుతుంది. వయసుతో కోపం తగ్గుతుందంటారు గాని నాకు తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు.

మా అత్త పుట్టింది బొంతపల్లి అవతల ఒక పల్లెలో. కూలికి నాట్లు వేస్తూ పెరిగి, పెళ్ళై ఇటు వచ్చి, ఉన్న కాస్త చెలక భూమి ఫ్యాక్టరీల కింద పోయాక, మామ కూడా జ్వరంతో కన్నుమూశాక, పిల్లలిద్దరినీ సాకడానికి ఒక మందుల కంపెనీలో సీసాలు కడిగే పనికి కుదిరింది. ఏళ్ళ తరబడి సీసాలు కడిగే సోడా నీళ్ళలో నాని ఆమె అరచేతులు గరుకు కాగితంలా తయారయ్యాయి. అందుకే పసిపిల్లలను ఎత్తుకునే ముందు చేతులకు కొబ్బరినూనె రాసుకునేది, లేత ఒంటికి గీసుకుంటుందని. ఇంటి ముందు రోడ్డు వైపు, తన జీతంతో ఒక రేకుల గది వేసుకుంది. కొడుకు, అంటే మా ఆయన, ఉద్యోగంలో చేరాక ఆమె సీసాల పని మానుకుంది. మానుకుని ఊరికే కూర్చోలేదు. తోటి ఆడవాళ్ళు పసివాళ్ళను మంచం కోడుకు చీరకొంగుతో కట్టేసి డ్యూటీకి పోతున్నారని ఆమెకు తెలుసు. వాళ్ళందరినీ పిలిచి పిల్లలను తన గదిలో వదిలి పొమ్మంది.

అలా ఆ గది నిండా చీర ఉయ్యాలలే. ఊళ్ళో వాళ్ళ పిల్లలు, ఒడిశా నుంచి, బీహారు నుంచి బతుకుతెరువుకు వచ్చిన వాళ్ళ పిల్లలు, అందరూ అక్కడే జొన్నగట్క తిని అక్కడే నిద్రపోయేవారు. అందరి పేర్లూ నోరు తిరగక, తల్లి పనిచేసే సెక్షను పేరుతోనే ఒక్కొక్కరినీ పిలిచేది. ఒకడు బాయిలరు, ఒకతి ల్యాబు, నేను ప్యాకింగులో ఉండేదాన్ని కాబట్టి నా కొడుకు ప్యాకింగు. ఇప్పటికీ వాడిని ఆ పేరుతో పిలిచేవాళ్ళు మా వీధిలో ఉన్నారు. నేను ఒక్క షిఫ్టు కూడా పోగొట్టుకోకుండా ఉద్యోగం చేసుకున్నానంటే, ఇవాళ నా తిండి నేను తింటున్నానంటే, అది ఆ గది చలవే.

తరువాత మా ముందున్న రోడ్డును వెడల్పు చేశారు. రోడ్డు పక్కన జానెడు జాగా ఉన్నవాడల్లా షట్టరు దింపడం మొదలుపెట్టాడు. ఇంటి జాగా చిన్నమామ పేర ఉండేది. అప్పటికే ఆయన లేబర్ కాంట్రాక్టరు, తెల్లబట్టల పెద్దమనిషి. ఒకరోజు ఉయ్యాలలు విప్పించి బయట పడేయించి, గదికి తాళం వేసి, ఖాళీ డ్రమ్ములు పెట్టుకునే స్క్రాపు సేటుకు కిరాయికి ఇచ్చేశాడు. మొగడు లేని ఆడిదానికి రోడ్డు మీద గది ఎందుకని పదిమందిలో అన్నాడు. మా అత్త ఆ చీరలు దులుపుకుని తెచ్చి వసారాలో కట్టింది. వానాకాలం రాగానే జల్లు కొట్టి పిల్లలకు దగ్గులు పట్టుకున్నాయి, తల్లులు ఒక్కొక్కరే తీసుకుపోయారు. బాయిలరు తల్లి, ఒడిశా పిల్ల, దిక్కుతోచక వాడిని మళ్ళీ మంచానికి కట్టేసి పోవడం చూసి మా అత్త ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ ఏడాదే మంచం పట్టింది. తాళం కనిపించేలా మంచం జరిపించుకుని, అటే చూస్తూ పడుకునేది. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "బిడ్డా, నేను పోయినంక గా తాళం సంగతి సూడు" అంది. అంతకుమించి ఆమె నన్ను ఎన్నడూ ఏమీ కోరలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టడం మీకు తెలిసిందే. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి శ్మశానంలో విస్తరి వేసి దూరం జరుగుతాం. కాకి ముడితే వాళ్ళ పానం తృప్తిపడినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. మా శ్మశానం ఫ్యాక్టరీ వెనక గోడను ఆనుకునే ఉంటుంది. ఆ గోడ అవతలే క్యాంటీను, ఆ గోడ నీడలోనే నేను ఏళ్ళ తరబడి డబ్బా విప్పుకుని తిన్నాను. మధ్యాహ్నం భోజనాల సైరను కూత అయ్యాక మిగిలిన అన్నం అక్కడ పారబోస్తారు. చుట్టుపక్కల కాకులన్నీ అక్కడికే చేరతాయి, కడుపు నిండేదాకా ఇటు తొంగిచూడవు.

చిన్నమామకు ఏదో మీటింగు ఉందట, జల్దీ కానియ్యమని పొద్దుటి నుంచి ఒకటే తొందర. నేను కూర ఉడకలేదన్నాను. గారెలు కాలలేదన్నాను. కల్లు ఇంకా రాలేదన్నాను. కావాలనే అన్నాను. దీన్ని పశ్చాత్తాపంగా చదవకండి, మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ అలాగే చేస్తాను. మేము విస్తరి వేసి వెనక్కి జరిగేసరికి ఫ్యాక్టరీ కూత వేసింది, చింతకొమ్మ మీద కూర్చున్న కాకులు కూడా లేచి గోడ దాటిపోయాయి.

ఎండ మాడుతోంది. మా ఆయన చేతులు జోడించి, చెల్లెను మంచిగ చూసుకుంటనని చెప్పాడు. ఆడబిడ్డ ఏడుస్తూ, అన్నతో కొట్లాడనని చెప్పింది. కాకి రాలేదు. భోజనాల విరామంలో యూనిఫారాలతోనే వచ్చిన తల్లులు పిల్లలను చంకనేసుకుని నిలబడ్డారు. వాళ్ళలో ఒకామె, నేను నేర్పకుండానే, "ఆమె పానం గా గదిల్నే ఉన్నది" అంది. అందరూ చిన్నమామ వైపు తిరిగారు.

ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. మీటింగు మాట ఎత్తబోయి, ఎవరూ జరగకపోయేసరికి మానుకున్నాడు. విస్తరి వైపు తిరిగి, "వదినె, గది పిల్లలకే ఇడిసిపెడ్త, ముట్టు" అని గొణిగాడు. గట్టిగా అనమన్నారు ఆడవాళ్ళు. గట్టిగా అన్నాడు. ఒక కాకి వచ్చి గోడ మీద వాలింది గాని కిందికి దిగలేదు. అప్పుడు మొలతాడుకున్న తాళంచెవి తెంపి విస్తరి పక్కన పెట్టి, ఆ ఊరి పెద్దమనిషి మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని దండం పెట్టాడు. ఆయన లేచి వెనక్కి జరగగానే కాకి దిగి గారె ముక్క ఎత్తుకుపోయింది. ఆలస్యం నాది. ఆ క్షణాన దిగిన కాకి మాత్రం నాది కాదు, అది మా అత్తే అని నేను ఇప్పటికీ నమ్ముతాను. తాళంచెవి నేనే తీసుకుని కొంగున ముడేసుకున్నాను.

ఆ గదిలో ఇవాళ్టికీ ఉయ్యాలలు ఊగుతున్నాయి. బాయిలరు పెళ్ళాం సుల్తాన్‌పూర్‌లో పనికి పోతూ తన బిడ్డను నా దగ్గరే వదిలిపోతుంది, నేనూ చేతులకు కొబ్బరినూనె రాసుకునే ఎత్తుకుంటాను. క్యాంటీను మాత్రం ఎత్తేశారు. భోజనాలు ఎక్కడినుంచో డబ్బాల్లో వస్తాయి, మెతుకు బయట పడదు. తిండి లేక కాకులు ఎటో వెళ్ళిపోయాయి. ఈ మధ్య ఎవరు పోయినా పిట్టకు పెట్టి చూసి చూసి, చివరికి ఆవుకు పెట్టి వస్తున్నారు.

ఫ్లెక్సీ చూసి ఇంటికి వచ్చిన సాయంత్రం చిన్నమామ నన్ను పిలిపించాడు. కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు, నిలబడటానికి మనిషి ఆసరా కావాలి. నేను ఫ్లెక్సీ మాట ఎత్తేలోపే తనే మెల్లగా అడిగాడు, "నాకు పిట్ట ముడ్తదా, బిడ్డా?"

ఈ చుట్టుపక్కల ఎవరికీ ముట్టడం లేదని, కాకులే లేవని, ఇందులో వదినె పగ ఏమీ లేదని ఒక్క మాట అంటే ముసలాయన నెమ్మదిగా నిద్రపోయేవాడు. "సూద్దాం మామా" అని వచ్చేశాను.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం మా అత్త పేర పిడికెడు అన్నం ఆ గది గోడ మీద పెడుతున్నాను. ఒక్క కాకి వచ్చినా బాగుండునని నిజంగానే ఆశగా ఆకాశం వైపు చూస్తాను, ఒకప్పుడు కాకులతో గోలగోలగా ఉండే ఆ ఆకాశం అలా బోసిగా ఉంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఎదుటి కిటికీలోంచి చిన్నమామ కూడా ఆ అన్నం వైపే చూస్తూ ఉంటాడు. అది ఎండిపోయేదాకా నేను తీయను.