అడుగులక్క కొట్టిన ఒక్క దెబ్బ

అడుగులక్క ఇరవై రెండేళ్ళు గోల్ఫ్ మైదానంలో ఇతరుల సంచులు మోసింది. ఆ సంచుల్లోంచి ఒక కర్ర తీసి తాను కొట్టింది ఒక్కసారే. ఆ దెబ్బకి పళ్ళ డాక్టరు కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆ రోజు ఆయన వెంట అక్కని పంపింది నేను. సంచులు మోసే కేడీలకి పని పంచే షెడ్డులో కుర్చీ నాది, చిట్టా నాది, సిగ్గు కూడా నాదే.

దూరాలు అడుగులతో కొలుస్తుంది కాబట్టి ఆ పేరు. నూట డెబ్భై ఎనిమిది గజాలు అందంటే నూట డెబ్భై ఎనిమిదే. టేపు పెట్టి చూసి తలవంచుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. దెబ్బల లెక్కలోనూ అంతే. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలవాడిదే గెలుపు కాబట్టి ఎవరైనా అయిదు కొట్టి నాలుగని చెబితే అక్క సంచి కింద పెట్టి, చేతులు వదిలేసి నిలబడేది. నోరు విప్పేది కాదు. కాసేపటికి ఆ పెద్దమనిషే గొణుక్కుంటూ అయిదని దిద్దుకునేవాడు.

గోల్ఫ్ కర్రల్లో హైబ్రిడ్ అని ఒకటుంది, దాన్ని మా షెడ్డులో కంచరగాడిద అంటాం. లావు తల వుడ్డుకీ, పల్చటి ఇనప తల ఐరన్‌కీ పుట్టిన పిల్ల. అడుగుభాగం వెడల్పు, బరువంతా కింద. ఎత్తు గడ్డిలో ఐరన్ పెడితే గడ్డి దాని మెడ పట్టుకుని మెలితిప్పుతుంది. హైబ్రిడ్ మాత్రం గడ్డి మీంచి జారిపోతూ బంతిని లేపుతుంది. దెబ్బ కాస్త పక్కకి తగిలినా క్షమిస్తుంది. బంతి ఎత్తుగా పోయి మెత్తగా దిగుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళ చేతిలో ఒక్కోసారి ఎడమకి లాగుతుంది, అదొక్కటే దాని పొగరు. అక్కకి ఆ కర్రంటే ప్రాణం.

డాక్టరుకి కోపం ముక్కు మీదే ఉండేది. ఆడలేక మద్దెల ఓడు అంటారు, ఈయన మద్దెలతో ఆగేవాడు కాదు, మోసేవాళ్ళనీ బాదేవాడు. ఒకసారి పదహారో హోల్లో, అంటే పదహారో గుంట ఆటలో, ఆయన విసిరిన కర్ర తగిలి అక్క ముందు పన్ను ఊడింది. మూడో రోజు తన ఆస్పత్రికి పిలిచి కట్టుడు పన్ను పెట్టి, "చూశావా, పాతదానికంటే బాగుంది" అని నవ్వాడట. ఆ పూట చిట్టాలో నేను రాసింది: "బంతి తగిలి గాయం." క్లబ్బు సభ్యుడి మీద రాస్తే నా కుర్చీ ఉండదు. అప్పటినుంచీ ఆయనకి ఇంకెవరూ నిలవడం లేదని ప్రతిసారీ అక్కనే పంపేవాణ్ణి. ఓర్చుకునేవాళ్ళ నెత్తినే కదా మనం ఇంకో రాయి పెట్టేది.

అక్క కూతురు పనిలో చేరి అప్పటికి రెండో వారం. ఆ ఉదయం డాక్టరుతో ఆడుతున్న రెండో ఆయన సంచి తనది. జరిగిందంతా తర్వాత ఆ రెండో ఆయనే చెప్పాడు.

పద్నాలుగో హోల్లో బంతి ఎత్తు గడ్డిలో పడింది. ముందు చెరువు. అక్క అడుగులు వేసి వచ్చి హైబ్రిడ్ తీసింది.

"నూట ఎనభై రెండు డాక్టరుగారూ. ఈ గడ్డిలోంచి ఇదే వస్తుంది."

"ముసలాళ్ళ కర్ర నాకెందుకు? నాలుగో నంబరు ఐరన్ ఇలా తే."

ఇచ్చింది. ఐరన్ గడ్డిలో చిక్కి తిరిగిపోయింది. బంతి రెండు గెంతులు గెంతి బుడుంగుమంది. బంతి ఎక్కడ పడిందో చెప్పడం ముందు నిలబడ్డ కేడీ పని. పిల్ల దగ్గరికొచ్చి తన పని తాను చేసింది.

"నీళ్ళలో పడింది సార్."

"నాకు కళ్ళు లేవా?" అంటూ ఐరన్‌తో ఒక్కటి వేశాడు. చెవి చీరుకుని కర్ర భుజం మీద దిగింది. పిల్ల మోకాళ్ళ మీద పడింది, మెడంతా నెత్తురు. ఆయన మళ్ళీ ఎత్తాడు. హైబ్రిడ్ ఇంకా అక్క చేతిలోనే ఉంది. దూరం చూసుకుని ఒక అడుగు వెనక్కి వేసి, తిప్పి కొట్టింది. ఎండుపుల్ల విరిచినంత చప్పుడు. డాక్టరు కేక పెట్టి కూలబడ్డాడు, చెయ్యి వేలాడుతోంది.

అక్క తువ్వాలు సగం చించి పిల్ల చెవికి కట్టింది. మిగిలిన సగంతో అలవాటుగా హైబ్రిడ్ తల తుడిచి, తొడుగు తొడిగి, సంచిలో పెట్టింది.

మర్నాడు పొద్దున విచారణ. పొడుగాటి బల్ల వెనక క్లబ్బు సెక్రటరీ, ముగ్గురు సభ్యులు, ఒక పక్కన కట్టుతో డాక్టరు, బల్ల చివర చిట్టాతో నేను, ఎదురుగా అక్క. పిల్ల ఆస్పత్రిలో ఉంది, కాలర్ బోన్ విరిగి, చెవికి తొమ్మిది కుట్లతో. సెక్రటరీ చెడ్డవాడు కాదు, గొడవంటే భయం.

"చెయ్యి జారిందని రాసివ్వమ్మా. పోలీసుల దాకా పోదు, నీ పనీ ఉంటుంది."

"జారలేదండీ. ఐరనైతే చేతిలో తిరిగేదేమో. హైబ్రిడ్ తిరగదు. మణికట్టు చూసి కొట్టాను, మణికట్టుకే తగిలింది. తల చూసుంటే తలకే తగిలేది."

సెక్రటరీ కలం తీసుకున్నాడు.

"ఎన్ని కొట్టావు?"

"నాది ఒకటి. ఈ ఏడేళ్ళలో డాక్టరుగారివి పదకొండు. మొదటిది రెండో హోల్లో, చెంప మీద, గొడుగు ఆలస్యంగా విప్పానని. రెండోది తొమ్మిదిలో, మోకాలికి. మూడోది పదహారులో, ఈ పన్ను..." ఆటలో దెబ్బలు అప్పజెప్పినట్టే చెప్పుకుపోయింది. "పదకొండోది నిన్న. అది నా పిల్లకి."

"అబద్ధం! చిట్టా తీయండి," అన్నాడు డాక్టరు.

తీశారు. అక్క పేరు మీద ఏడేళ్ళలో మూడే ఉన్నాయి. బంతి తగిలింది. కాలు జారింది. కొమ్మ గీరుకుంది. మూడూ నా చేతిరాతే. అందరూ నా వైపు తిరిగారు. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది నాకు. అక్క చేతులు కిందికి వదిలేసి నిలబడింది. నోరు విప్పలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది నేనేనని అప్పుడు తెలిసింది.

"పదకొండేనండీ," అన్నాను. చిట్టా నా వైపు లాక్కుని మళ్ళీ చెప్పాను. "పదకొండే. రాసిన మూడూ అబద్ధం. మిగతావి రాయలేదు."

డాక్టరు పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు. వెళితే ఆ పదకొండూ అక్కడా బయటపడతాయి. మధ్యాహ్నానికి అక్కనీ నన్నూ పనిలోంచి తీసేశారు. గేటు దాటాక క్షమించమని అడగబోయాను. అక్క ఆగింది.

"పదకొండు ఆయనవి. నీవి మూడు, తమ్ముడూ. ఆ చిట్టా చదవడం నాకు వచ్చు."

నేను ఇంటి దారి పట్టబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"లోపల కావాలనే చెప్పలేదు. నువ్వే దిద్దుకుంటావేమోనని చూశాను. దిద్దుకున్నావుగా, ఇంక పద, పిల్ల దగ్గరికి వెళ్దాం."