మెట్ల కింద చార్జింగ్ వద్దన్న మామ

మొన్న సోమవారం పొద్దున అంగడి షట్టర్ ఎత్తుతుంటే జమ్మలమడుగు నుంచి ఫోన్ వచ్చింది. నాలుగు రోజులు ఉండొస్తానని అక్కడికెళ్లిన మా మేనమామ నిద్రలోనే పోయాడట. మట్టి చేసి వచ్చాం. అంగడి తెరిచాను గానీ, వచ్చినవాళ్లంతా "పెద్దాయన లేడా?" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తోచక ఇది రాస్తున్నాను.

మాది ప్రొద్దుటూరు. సెల్‌ఫోన్లతో మొదలుపెట్టి, ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాక బ్యాటరీలు, చార్జర్లలోకి దిగాను. కింద అంగడి, పైన కాపురం, దిగడానికి ఒకటే మెట్లదారి. అత్త పోయాక మామ మా దగ్గరికొచ్చి ఉన్నాడు. పని చెప్పకపోయినా స్టూలేసుకుని కూర్చుని, వచ్చే పోయే వాళ్లందరికీ అడ్డం తగిలేవాడు.

ఫ్యాక్షన్ రోజుల్లో ఆయన వాళ్ల ఊళ్లో ఒక పెద్దమనిషి వెంట తిరిగినవాడు. ఏం చేశాడో మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు. లిథియం అనే మాటకు నోరు తిరక్క బ్యాటరీలను "మందు సామాను" అనేవాడు. ఆయన లెక్కలో మందంటే నాటుబాంబుల్లో కూరే మందు. వినేవాళ్లేమో మేం చాటుగా బ్రాందీ కూడా అమ్ముతున్నామనుకునేవాళ్లు!

కంపెనీ ఇచ్చిన జాగ్రత్తల కాగితం నేను చదువుతుంటే శ్రద్ధగా వినేవాడు. తర్వాత దాన్ని తన భాషలో జనానికి చెప్పేవాడు. దిండు కింద ఫోన్ పెట్టి చార్జింగ్ చేసే ఒకామెతో, "అమ్మీ, దానికి గాలాడాల. నీ పక్కన పండబెట్టుకోవద్దు" అన్నాడు. వేరే బండి చార్జర్ తెచ్చినవాడిని, "ఇంకోని చెప్పులు నీకు పడతాయా?" అని తిప్పి పంపాడు. కువైట్ పోతూ స్కూటర్ ఇంట్లో వదిలిపెట్టే పక్కింటి భాయ్‌కి, "నిండా ఎక్కించొద్దు భాయ్, ఖాళీ చేసి ఎండగట్టొద్దు. సగానికి పెట్టి చల్లని తావులో ఉంచు" అని చెప్పాడు. ఉబ్బిన బ్యాటరీ కంటబడితే ఇక దాన్ని అంగట్లో ఉండనిచ్చేవాడు కాదు.

ఎన్నికలప్పుడు ఒక పార్టీ వార్డు నాయకుడు ఎండలో స్కూటర్ల ఊరేగింపు తీసి, బ్యాటరీలన్నీ ఊడదీయించి మా దగ్గరికి తెచ్చాడు. సాయంత్రం పులివెందులలో మళ్లీ ర్యాలీ ఉందట. మెట్ల కింద నీడ ఉంది, ప్లగ్గులూ ఉన్నాయి. అక్కడే ఒకదాని మీద ఒకటి పేర్చబోయారు.

"ఆడ వద్దప్పా. పెరట్లో పెట్టండి. ఇప్పుడే తగిలించొద్దు, చెయ్యి పెడితే కాలతాంది. చల్లారనీ" అన్నాడు మామ.

"టైం ల్యా పెద్దాయనా!"

"ల్యాకుంటే నడిచి పోండి."

నాయకుడు నావైపు తిరిగాడు. "ఏందప్పా, మీరు అవతల పార్టీవోళ్లా? మా ర్యాలీ ఆపాలని చూస్తాండారా?"

ఆ ముద్ర పడితే ఈ ఊళ్లో అంగడి నడుపుకోవడం కష్టం. మామ ఏం తొణకలేదు. స్టూలు తెచ్చి మెట్ల కింద వేసుకుని కూర్చున్నాడు.

"దానికి ఓటు ల్యాదు నాయనా, వేడొకటే ఉండాది. ఆ కాలంలో మా ఇంట్లో గూడా మందు సామాను మెట్ల కిందనే పెట్టినారు. ఎండకు పేలింది. మా అమ్మ మిద్దె మీద ఉండింది. దిగేకి దావ ల్యాక దుంకింది." నావైపు చూశాడు. "మీ అవ్వ కుంటేది అందుకేరా అల్లుడా."

అవ్వకు అది పుట్టుకతో వచ్చిన కుంటితనం అనుకుంటూ పెరిగాను నేను.

నాయకుడు తలెత్తి మెట్లవైపు చూశాడు. తర్వాత, "యాడ పెట్టమంటావో చెప్పు" అన్నాడు.

పెరట్లో, ఇంటికి దూరంగా, ప్రహరీ నీడన వట్టి నేల మీద బ్యాటరీలను ఎడంఎడంగా పరిచాం. చల్లారాక దేని చార్జర్ దానికే తగిలించాం. మామ అక్కడే కూర్చుని కాపలా కాశాడు. కొంతసేపటికి చివరి బ్యాటరీ చిటపటలాడింది.

"మెయిన్ ఆపు! ఎవురూ దగ్గరికి పోవద్దు, ఆ పొగ పీల్చొద్దు!"

మెయిన్ ఆపి, ఫైరింజన్‌కు ఫోన్ చేసి, దిగి రమ్మని పైకి కేకేశాను. తెల్లటి పొగ లేచింది, ఆ వెంటనే బుస్సుమని మంట. ఎడంగా ఉన్నాయి కాబట్టి పక్కవాటికి అంటుకోలేదు.

నాయకుడూ, ఆయన మనుషులూ, నేనూ మంటనే చూస్తున్నాం. మామ మాత్రం దానికి వీపు తిప్పి మెట్ల దగ్గర నిలబడ్డాడు. మా ఆవిడ పాపనెత్తుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగుతోంది. ఆమె కాలు నేలకు ఆనేదాకా ఆయన చేతులు రెండూ ముందుకు చాచే ఉన్నాయి.